చెనిక్కాయ బూజుతో లివర్ క్యాన్సర్‌కు లింకేంటి? జన్యువులో మారేది ఒక్క అక్షరమే!

గుంతకల్లు వైపు చెనిక్కాయ లేని వంటిల్లు ఉండదు. చట్నీ, పొడి, ఊరిమిండి.. అన్నింట్లో అదే. అయితే లివర్ క్యాన్సర్ పరిశోధనల్లో ఈ కాయపై పెరిగే ఓ బూజు పేరు ఏళ్లుగా వినిపిస్తోంది. చెనిక్కాయ తింటే క్యాన్సర్ వస్తుందని కాదు, కంగారు పడొద్దు. సమస్యంతా బూజు పట్టిన కాయతోనే. ఆ బూజు విషం మన జన్యువులో సరిగ్గా ఏ అక్షరాన్ని మారుస్తుందో కూడా సైంటిస్టులు పట్టేశారు.

ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది వదిలే విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. ఆరా తీస్తే దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. క్యాన్సర్ తెస్తాయని కచ్చితంగా రుజువైన వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం దీన్ని చేర్చింది.

మరి ఇది చేసేదేంటి? ఒంట్లోకి వెళ్లిన విషాన్ని విరగ్గొట్టే పని లివర్‌ది. ఆ క్రమంలోనే అఫ్లాటాక్సిన్ ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారి డీఎన్ఏకు అతుక్కుంటుంది. మన కణాల్లో టీపీ53 అనే జన్యువు ఉంది. దెబ్బతిన్న కణం పెరగకుండా బ్రేక్ వేసేది ఇదే. అందులో 249వ స్థానంలో ‘ఏజీజీ’ అని ఉండాల్సిన చోట ‘ఏజీటీ’ అవుతుంది. అంతే, బ్రేక్ ఫెయిల్! 1991లో చైనాలోని చిదోంగ్ ప్రాంతానికి చెందిన 16 లివర్ ట్యూమర్లను పరీక్షిస్తే 8 ట్యూమర్లలో ఈ 249వ స్థానంలోనే మార్పు కనిపించింది. దక్షిణాఫ్రికా ప్రాంతపు రోగుల్లోనూ అదే ఏడాది ఇదే తేలింది. దొంగ వేలిముద్ర వదిలి వెళ్లినట్టు అన్నమాట.

అసలు డేంజర్ హెపటైటిస్-బి తోడైనప్పుడు. షాంఘైలో వేలమందిపై చేసిన అధ్యయనం 1990ల్లో వెలువడింది. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్లలో ముప్పు మూడు రెట్లు పైన, వైరస్ ఒక్కటే ఉంటే ఏడు రెట్లు. రెండూ ఉంటే? దాదాపు 60 రెట్లు.

లివర్ క్యాన్సర్‌లో మారేది ఈ ఒక్క జన్యువే కాదు. కణానికి వయసైపోకుండా చేసే టెర్ట్ జన్యువు మార్పు అన్నింటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. బీటా కాటెనిన్ జన్యువులో మార్పులూ మామూలే. టీపీ53 దెబ్బతిన్న ట్యూమర్లు సాధారణంగా దూకుడుగా పెరుగుతాయి, ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ. అలాగని ‘జీన్ టెస్ట్ రిపోర్ట్ రాగానే భవిష్యత్తు తేలిపోతుంది’ అనుకుంటే పొరపాటే. ట్యూమర్ సైజు ఎంత, ఎన్ని ఉన్నాయి, మిగిలిన లివర్ ఎంత బాగా పనిచేస్తోంది.. డాక్టర్లు ఇప్పటికీ ముందు చూసేది వీటినే.

అనంతపురం జిల్లాకు ఇదెందుకు ముఖ్యమంటే.. ఈ బూజుకు కావాల్సింది కరువే. కాయ ఊరే చివరి వారాల్లో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కుతుంది, కాయ తన రక్షణ శక్తి కోల్పోతుంది, నేలలోనే ఉన్న బూజు లోపలికి దూరుతుంది. అంటే గోదాముకు చేరకముందే, చేలోనే పని అయిపోతుంది! పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ జిల్లా చేలల్లో దీనిపైనే పనిచేశారు, తక్కువ ఖర్చుతో విషాన్ని పసిగట్టే టెస్ట్ కూడా తయారుచేశారు. కోత తర్వాత కాయలో తేమ 8 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టడం రైతు చేతిలో ఉన్న పని. తడి కాయను కుప్ప పోస్తే బూజును పిలిచి పెట్టినట్టే.

ఇక వంటింట్లో.. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. వేయించితే విషం కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పుచ్చు గింజల్ని ‘పొడికి పనికొస్తాయిలే’ అని పక్కన పెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే, మానుకోవాల్సింది కూడా అదే. బూజు పట్టిన చెక్క ఆవుకు పెడితే విషం పాలలోకీ వస్తుంది.

చిదోంగ్‌లో తర్వాత ఏం జరిగిందో తెలుసా? 1980ల నుంచి అక్కడి జనం బూజు పట్టే మొక్కజొన్న మానేసి బియ్యానికి మళ్లారు. హెపటైటిస్ టీకా అందని తరాల్లో కూడా లివర్ క్యాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇక్కడ చెనిక్కాయ మానేయమని ఎవరూ అనరు, అనలేరు కూడా. కానీ టీకా ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు మిగతావి ఉచితంగా వేస్తారు. పెద్దవాళ్లకు వైరస్ ఉందో లేదో చెప్పేది హెచ్‌బీఎస్ఏజీ అనే చిన్న రక్తపరీక్ష. పాజిటివ్ వస్తే డాక్టర్ సలహాతో ఆరు నెలలకోసారి లివర్ స్కానింగ్ అవసరం కావచ్చు.