చేతిలో గేమ్ వేడెక్కితే?

రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న స్క్రీన్, బ్యాటరీ, బటన్లు కలిపి ప్లాస్టిక్ డబ్బాలో బిగిస్తే సొంత గేమ్ కన్సోల్ రెడీ. కానీ కాసేపు ఆడేసరికి ఆట నత్తనడక నడుస్తుంది. ఎందుకు?

ఆ బోర్డు మీదుండే 1.5 గిగాహెర్ట్జ్ చిప్ అంటే దాని గడియారం సెకనుకు 150 కోట్లసార్లు కొట్టుకుంటుంది. ఆ పనికి వాడిన కరెంటు దాదాపు అంతా వేడిగా మారుతుంది. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పాడైపోలేదు, తనను తాను కాపాడుకుంటోంది!

అసలు దోషి డబ్బానే. ప్లాస్టిక్ గుండా వేడి సరిగా పోదు. లోపల కదలకుండా ఉన్న గాలి ఇంకా మొండిది. అందుకే చిప్ మీద పలచని పలకలున్న అల్యూమినియం హీట్‌సింక్ అంటిస్తారు. పళ్లెంలో పోసిన పాలు త్వరగా చల్లారినట్టే, గాలి తగిలే చోటు పెరిగితే వేడి త్వరగా పోతుంది. చిప్‌కీ, లోహానికీ మధ్య కంటికి కనిపించని సందులుంటాయి. వాటిని థర్మల్ పేస్ట్ పూడుస్తుంది. పలచగా రాస్తేనే లాభం. మందంగా పూస్తే అదే అడ్డుగోడ.

చిన్న ఫ్యాన్ పెడితే ఇంకా మేలు, కాస్త గుయ్యిమన్నా సరే. అయితే వేడిగాలి బయటికి పోవాలంటే చల్లగాలి లోపలికి రావాలి. కాబట్టి ఫ్యాన్‌కు ఎదురువైపు కన్నాలుండాలి. అయినా మే నెలలో గది గాలే 40 డిగ్రీలుంటే చిప్‌ని అంతకన్నా చల్లబరచడం ఏ ఫ్యాన్ తరమూ కాదు. అప్పుడు చిప్ వేగాన్ని మనమే కొంచెం తగ్గించుకోవచ్చు. పాతకాలం గేములకు అది చాలు.

లిథియం బ్యాటరీని మాత్రం చిప్‌కి వీలైనంత దూరంగా అమర్చాలి. వేడి తగిలేకొద్దీ దాని ఆయుష్షు తరిగిపోతుంది.