సంవత్సర మధ్యమున నూతన తీర్మానము

డిసెంబరు 31వ తేది రాత్రి మన దేవాలయములలో జరుగు ప్రార్థనకూటమును నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల క్రైస్తవ విద్యార్థు లందఱు నెఱుగుదురు. నడిరేయి గంట మ్రోగును. వాగ్దాన వచనములు వ్రాసిన చీట్లు పంచిపెట్టబడును. ప్రతివాడును తనకు వచ్చిన చీటిని పరిశుద్ధ గ్రంథమున దాచుకొని, దినదినము వాక్యము చదువుదుననియు, అబద్ధమాడననియు, గణితమున వెనుకబడననియు మనస్సులో నిశ్చయించుకొనును. ఆగస్టు వచ్చునప్పటికి ఆ చీటి యే పుటల నడుమ నున్నదో మనకే తెలియదు. ఒకరి నెత్తిపొడుచుటకై దీనిని వ్రాయుట లేదు. మేమును అట్లు మఱచినవారమే.

నూతన సంవత్సర తీర్మానములు వ్యర్థములని మా భావము కాదు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేది తెల్లవారుజామున జూయెట్ దొరగారును, ఆయన భార్యయు, కొద్దిమంది తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండమీద మోకరించి ప్రార్థించిరి. అప్పటికి తెలుగు మిషనును మూసివేయవలెనన్న మాట అమెరికాలో పుట్టియుండెను. ఆ ప్రార్థన ఫలము మరుసటి యేడే కనబడలేదు. క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది 1878 జూలై 3వ తేదిని. ఆ జనవరి ఉదయమునకును ఈ జూలై దినమునకును నడుమ ఇరువదినాలుగు వర్షకాలములు గడచెను. కొండమీది ప్రార్థనను అందఱు తలంతురు. నడుమ గడచిన యేండ్లలో ఆ నిరీక్షణను మరల మరల చేపట్టినవారిని తలంచువారు కొందఱే.

తీర్మానము తప్పుటకంటె గొప్ప కీడు మఱియొకటి కలదు. తప్పిన పిమ్మట, "వచ్చే జనవరికి చూచుకొందము" అని కూర్చుండుటయే అది.

మే మెఱిగిన యొక విద్యార్థి బైబిలంతయు ఒక్క సంవత్సరమున ముగింప నెంచెను. అందు 1,189 అధ్యాయము లున్నవి గనుక దినమునకు మూడింటికి మించి చదువవలెను. ఫిబ్రవరి మొదటి వారమున లేవీయకాండము నడుమ అతడు ఆగిపోయెను. ఆగస్టు నడిమికి బాకీ ఆఱువందల అధ్యాయములు దాటెను. ఆ బాకీని తలంచి సిగ్గుపడి చదువుట మానెను. చదువుట మాని ప్రార్థనకు వచ్చుట మానెను. అంతలో పరీక్షలో రెండు విషయములు తప్పెను. ఇక చదువును మాని, పనికై దూరపట్టణమునకు పోవుచున్న తలిదండ్రులవెంట పోయెదనని చెప్పెను. పాలమూరు కూలీల పేరు దేశమంతట వినబడినదే. అట్లు బడి విడిచినవారిలో ఎందఱు మరల బడి గడప త్రొక్కుదురో మన మెఱుగుదుము. కావున దీనిని చిన్న సంగతి యని త్రోసివేయరాదు.

మన మెట్టపొలముల సేద్యమును చూడుడు. ఎఱ్ఱచెలకలో మృగశిర కార్తెకు విత్తిన జొన్న, పిమ్మట వాన లేక మాడిపోవచ్చును. పుబ్బలో చల్లుటకంటె దిబ్బమీద చల్లుట మేలని సామెత. పెద్ద పైరు విషయమున ఆ మాట సత్యమే. అయినను తెలిసిన రైతు చేను బీడు పెట్టడు. ఆలస్యముగా వాన పడినప్పుడు చెలకను మరల దున్ని ఉలవలు చల్లును. పోయిన జొన్న ఉలవలతో తిరిగిరాదు. కాని యింటికి గింజయు, పశువులకు మేతయు దొరకును. రైతు ఇచ్చట రెండు పనులు చేయుచున్నాడు: పోయినదానిని పోయినదని యొప్పుకొనుచున్నాడు, మిగిలిన పదునుకు తగిన విత్తనమును ఎన్నుకొనుచున్నాడు. సంవత్సర మధ్యమున తీర్మానము చేయువాడును ఈ రెండే చేయవలెను.

లేఖనములలోను ఇట్టి దృష్టాంతము కలదు. బబులోను చెరనుండి వచ్చిన యూదులు మందిరమునకు పునాది వేసి, పని నిలిపి, ఇంకను సమయము రాలేదని చెప్పుకొనుచు పదునాఱు సంవత్సరములవఱకు గడపిరి. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త వారియొద్దకు వచ్చి, వారు నడచుచున్న త్రోవను తామే తూచి చూచుకొనవలెనని హెచ్చరించెను. అది సంవత్సరాది దినము కాదు. ఆఱవ నెల మొదటి దినము, అనగా ఇంచుమించు మన శ్రావణ భాద్రపదముల కాలము. పొలములు వానలేక యెండియున్న కాలము కూడను. ఆ నెల 24వ దినమున జనులు మరల పని మొదలుపెట్టిరి. దేవుడు వారిని క్రొత్త సంవత్సరమువఱకు ఆగుడని చెప్పలేదు.

తరువాతి కాలమునను ఇట్టివి కలవు. మెథడిస్టులు నేడు సంవత్సరారంభమున జరుపుకొను నిబంధన ఆరాధనను జాన్ వెస్లీ లండనులో మొదట జరిపినది 1755 ఆగస్టు 11వ తేదిని. అమెరికాలో జోనాతాను ఎడ్వర్డ్స్ తన డెబ్బది తీర్మానములను 1722లో వ్రాయ నారంభించి, పందొమ్మిదేండ్ల ప్రాయమున 1723 ఆగస్టులో ముగించెను. వానిని వారమునకొకసారి చదువుకొనవలెనని తనకు తానే నియమము పెట్టుకొనెను. తాను మఱచునని అతడు ముందే యెఱిగియుండెను.

ఇక మనము చేయవలసిన దేమి? మొదట ఒక కాగితముమీద లెక్క వ్రాసికొనవలెను: నిలుపుకొన్న దేది, విడిచిన దేది, ఎవరికి అన్యాయము చేసితిమి? రెండవది, ఆ లెక్కను దేవునియెదుట దాచక చెప్పి, మనుష్యునికి చెల్లింపవలసినది చెల్లింపవలెను. జక్కయ్య ప్రభువును తన యింట చేర్చుకొన్నప్పుడు, అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలుగా మరల ఇత్తునని చెప్పెను. స్నేహితుని పుస్తకమును తిరిగి ఇయ్యక కొత్త తీర్మానము వ్రాయుటవలన ప్రయోజనము లేదు. మూడవది, మిగిలిన కాలమునకు సరిపడు కొద్ది గురులను పెట్టుకొనవలెను. మార్కు సువార్తలో 16 అధ్యాయములు. దినమున కొకటి చొప్పున పదునాఱు దినములు. లూకాలో 24, డిసెంబరు 1న మొదలిడినవాడు క్రిస్మసు ముందటి దినమున ముగించును. పాఠము విషయమును ఇట్లే: "గణితమున ప్రథముడ నగుదును" అనుటకంటె "ప్రతిరాత్రి రెండు లెక్కలు చేయుదును" అనుట మేలు. నాలుగవది, నమ్మదగిన యొకనికి ఆ గురిని తెలిపి, వారమునకొకసారి అతనితో కూర్చుండవలెను.

పైని చెప్పిన విద్యార్థికి మేము ఆఱువందల అధ్యాయముల బాకీని కొట్టివేసికొమ్మని చెప్పితిమి. అతడు నమ్మలేక చూచెను. మార్కు సువార్త పదునాఱు దినములలో ముగించెను. నేడును తరగతిలో ఉన్నాడు. గణితమున ఇంకను తడబడుచునే యున్నాడు.

ఫలింపని అంజూరపు చెట్టును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానములో తోటమాలి యజమానునియొద్ద ఈ సంవత్సరముకూడ దానిని ఉండనిమ్మని వేడుకొనెను. అయితే అతడు గడువు మాత్రమే అడుగలేదు. దాని చుట్టు త్రవ్వి యెరువు వేయుదునని చెప్పెను. గడువు కృపవలన కలుగును. పార పట్టుట మన వంతు. ప్రియ విద్యార్థులారా, మనకు సంవత్సర మింకను ముగియలేదు. నేటి సాయంకాలము ఆ చీటిని వెదకి చూచుకొందము గాక.