డీజిల్ ఇంజను – రోగ నిదానం

సంస్కృతంలో ‘నిదానం’ అంటే మూలకారణం. వ్యాధి ఎందువల్ల పుట్టిందో నిర్ణయించే భాగానికి ఆయుర్వేదంలో అదే పేరు. మాధవకరుని ‘మాధవ నిదానం’ ఆ విషయానికే అంకితమైన గ్రంథం. తెలుగులో ఆ మాటకు తొందరపడకపోవడం అనే అర్థం కూడా ఏర్పడింది. ‘నిదానమే ప్రధానం’ అనే నానుడిలో ఉన్నది ఈ రెండవ అర్థమే. ఈ రెండర్థాలూ కలిసే వృత్తి వైద్యం ఒక్కటే కాదు. లారీ ఇంజనుకు సరిగా డీజిల్ అందకపోవడానికి కారణం వెదికే మెకానిక్కు కూడా ఆ రెండూ కావాలి.

నాగన్న మెట్లబావికి పేరొందిన లింగంపేట కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల నడుమ ఉన్న మండల కేంద్రం. ఇటువంటి వరి పండే ప్రాంతాలలో కోతల కాలం వచ్చిందంటే కొనుగోలు కేంద్రాల నుండి మిల్లులకు ధాన్యం చేరవేసే లారీలకు విశ్రాంతి ఉండదు. బస్తాలతో బయలుదేరిన లారీ ఒక మిట్ట ఎక్కలేక నిలిచిపోతే ఆ నష్టం యజమానితో ఆగదు. కేంద్రంలో తూకం వేసిన బస్తాలు కదలవు. ఈలోగా అకాల వర్షం కురిస్తే కుప్పల మీది ధాన్యం తడిసి రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. అందరూ తొందరపెట్టే ఆ సమయంలో ‘పంపు పోయింది’ అని తీర్పు చెప్పడం సులభం. పంపును విప్పి పట్టణానికి పంపి, బాగుచేయించి, తిరిగి బిగించిన తరువాత కూడా బండి లాగకపోతే పోయిన రోజులూ రావు, పోసిన సొమ్మూ రాదు.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ ఈ ఇంజనును 1897లో జర్మనీలో విజయవంతంగా నడిపి చూపాడు. అయితే ఇంధనాన్ని కొలిచి, అధిక పీడనంతో లోపలికి చిమ్మగల చిన్న పంపు కుదిరిన తరువాతనే అది లారీలకు అలవడింది. అటువంటి పంపులను బాష్ సంస్థ 1927 నుండి పెద్దయెత్తున తయారుచేసింది. మన దేశంలో 1951లో నెలకొని బెంగళూరు కేంద్రంగా పనిచేసిన మైకో సంస్థ ఈ పంపులను లారీలతో పాటు ఊరూరికీ చేర్చింది.

పాత లారీలో డీజిల్ నడిచే దారిని మనస్సులో గీసుకోవాలి. ట్యాంకు నుండి ఫీడ్ పంపు దానిని పీల్చుకొని ఫిల్టర్ల గుండా తోస్తుంది. అక్కడి నుండి పెద్ద పంపు ఒక్కో సిలిండరుకు కొలిచి పంపుతుంది. సన్నని ఉక్కు పైపుల చివర ఉన్న నాజిళ్ళు సుమారు 200 బార్ల పీడనం వద్ద తెరుచుకొని దానిని తుంపరగా చిమ్ముతాయి. నిమిషానికి 2,400 సార్లు తిరిగే ఇంజనులో ఒక్కో సిలిండరుకు ఇది నిమిషానికి 1,200 సార్లు జరగాలి. ప్రతిసారీ చిమ్మేది ఒకటి రెండు చుక్కలకు మించదు. ఇంత సూక్ష్మమైన లెక్కలో ఒక గాలి బుడగ ఎంత చేటు చేస్తుందో ఊహించవచ్చు.

ఇక మార్పులు చేసిన లారీ సంగతి. ఎక్కువ బరువు లాగాలని పాత ఇంజనుకు టర్బో తగిలిస్తారు. పంపు మరను తిప్పి డీజిల్ పరిమాణం పెంచుతారు. దూరప్రయాణం కోసం రెండవ ట్యాంకు బిగిస్తారు. (రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం అనుమతించదన్నది వేరే మాట.) పెద్ద పంపు ఎక్కువ డీజిల్ కోరుతుంది. కానీ దాని వెనుక ఉన్న పైపు, ఫిల్టరు, ఫీడ్ పంపు పాతవే. ఖాళీ బండి చక్కగా పోతుంది. నిలకడగా ఉన్నప్పుడు ఇంజను శబ్దంలో ఏ లోపమూ వినిపించదు. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడే గుట్టు బయటపడుతుంది.

అప్పుడు మొదట చూడవలసింది పొగ. బండి లాగకుండా నల్లని పొగ దట్టంగా వదులుతున్నదంటే డీజిల్ కొరత ప్రధాన కారణం కాదు. దానికి తగిన గాలి అందడం లేదు, లేదా డీజిల్ మితిమీరి పడుతోంది, లేదా నాజిలు సరిగా చిమ్మడం లేదు. పొగ లేకుండానే బలం తగ్గితే ఇంధనం అందడం లేదని మొదట అనుమానించాలి. ఈ భేదం గమనించక, బండి లాగలేదనగానే పంపు మరను మరికొంత తిప్పడం చాలాచోట్ల కనిపించే దురలవాటు. గాలి చాలని ఇంజనుకు డీజిల్ పెంచితే లోపలి వేడి హద్దు మీరి పిస్టన్ కరిగే ప్రమాదం ఉంది. టర్బో విషయంలోనూ పొరపాటు జరుగుతుంది. టర్బోను తిప్పేది సైలెన్సరు వైపు పోయే వేడి వాయువులే. డీజిల్ తగ్గితే ఆ వేడి తగ్గి టర్బో కూడా మందగిస్తుంది. అది రోగలక్షణమే కాని రోగం కాదు.

ఇంధనం అందడం లేదని తేలితే ట్యాంకు నుండి వెదుకులాట మొదలుకావాలి. ఇక్కడ రైతులకు తెలిసిన ఒక సత్యం అక్కరకు వస్తుంది. బావి మీది మోటారుకు నీటిని పీల్చే పైపులో చిల్లి పడితే నీరు బయటికి కారదు. గాలి లోపలికి పోయి నీరు ఎక్కడం మానుతుంది. లారీలోనూ ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ నడుమ ఉన్న పైపు అటువంటిదే. బిగువు తప్పిన క్లిప్పు, నెరలు విచ్చిన రబ్బరు పైపు, నలిగిన రాగి వాషరు – వీటి వద్ద చుక్క కూడా కారకపోవచ్చు. ‘ఎయిర్ పట్టింది’ అని మెకానిక్కులు చెప్పే స్థితి ఇదే. రాత్రంతా ఆగిన బండి ఉదయం స్టార్టు కావడానికి మొండికేయడం దీనికి ఒక గుర్తు. రెండు ట్యాంకులను ఒకే పైపుకు కలిపిన లారీలో మరొక చిక్కు ఉంది. ఒకటి ఖాళీ అయి, దాని కాక్ తెరిచే ఉంటే, నిండు ట్యాంకు పక్కనే ఉన్నా పంపు ఖాళీ ట్యాంకు గాలినే పీలుస్తుంది.

నిర్ధారణకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ట్యాంకు మూత కొద్దిగా వదులు చేయగానే బండి పుంజుకుంటే గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. ఫీడ్ పంపు తరువాత చిన్న పారదర్శకపు గొట్టం అమర్చితే బుడగలు కంటికే కనిపిస్తాయి. అన్నిటికంటె మేలైనది డబ్బా పరీక్ష. వడగట్టిన డీజిల్ డబ్బాను వేడి భాగాలకు దూరంగా భద్రంగా కట్టి, అందులోనుంచి నేరుగా ఫీడ్ పంపుకు పైపు ఇస్తారు. అప్పుడు బండి లాగితే దోషం డబ్బాతో తప్పించిన భాగంలో, అంటే ట్యాంకులోనో పాత పైపులోనో ఉంది. లాగకపోతే ముందుకు సాగి ఫీడ్ పంపు, ఫిల్టర్లు చూడాలి. ఒక్క పరీక్షతో వెదకవలసిన దారి సగమవుతుంది. డ్రమ్ములలో నిలవచేసిన డీజిల్ పోసే బండ్లలో నీరు, తుప్పు, బురద ఫిల్టరును తొందరగా మూసివేస్తాయి.

ఒక్క సిలిండరే పనిచేయడం లేదని తోస్తే, పాతరకం ఇంజనులో నాజిలు పైపు నట్టును ఒక్కొక్కటిగా వదులు చేసి చూస్తారు. ఏది వదిలినప్పుడు ఇంజను శబ్దం మారదో ఆ సిలిండరు అప్పటికే పనిచేయడం లేదు. నాజిలు చిమ్మే తుంపరకు చేయి అడ్డం పెట్టడం మహా ప్రమాదం. ఆ పీడనానికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. ఇవన్నీ అయిన తరువాతనే పెద్ద పంపు వంతు. దానిని పరీక్షా యంత్రం మీద అమర్చి ఒక్కో సిలిండరుకు పడే డీజిల్‌ను కొలిపించాలి. మర ఎంత తిప్పారో మనిషి మరచిపోయినా ఆ కొలత చెబుతుంది.

2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణాలతో వచ్చిన లారీలలో ‘కామన్ రైల్’ పద్ధతి ఉంది. అందులో పీడనం 1,600 బార్లకు పైగా చేరుతుంది కనుక నడుస్తున్న ఇంజనులో నట్టు వదులు చేసే పాత పరీక్ష ఎంతమాత్రం చేయరాదు. స్కానరు తగిలిస్తే రైలులో పీడనం తగ్గిందని తెర మీద కనిపిస్తుంది. తగ్గడానికి కారణం నాజిలా, పంపా, మూసుకుపోయిన ఫిల్టరా, గాలి పీల్చే క్లిప్పా అన్నది చాలాసార్లు ఆ ఒక్క అంకె వల్ల తేలదు. దానికోసం మెకానిక్ మళ్ళీ బండి కిందికి దూరి, ట్యాంకు నుండి పైపును తడుముకుంటూ రావలసిందే.