యంత్రం చేసిన తప్పుకు జవాబుదారు ఎవరు?

‘రోబో’ అనే మాట నేడు పసిపిల్లలకు సైతం పరిచితమే. కాని ఆ మాట పుట్టుక పెద్దలలో కూడ చాలామందికి తెలియదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన ‘ఆర్. యు. ఆర్.’ అనే నాటకం ద్వారా అది లోకానికి పరిచయమయింది. ఆ మాటను సూచించినవాడు ఆయన అన్నగారు, చిత్రకారుడు అయిన యోసెఫ్. చెక్ భాషలో ‘రోబోత’ అనగా భూస్వామికి రైతు చెల్లించవలసిన నిర్బంధ శ్రమ. ఈ భావానికై తెలంగాణవారు వేరే మాట వెదకనక్కరలేదు. వెట్టి అంటే చాలును. కూలి అడగని, ఎదురు చెప్పని, అలసట ఎరుగని వెట్టివాడే ఈ మరమనిషి.

వెట్టివానికి ఆజ్ఞలు విధించడం యజమానికి సహజమే గదా! అమెరికన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 1942లో తన కథ ఒకదానిలో మరమనుషులకు మూడు ఆజ్ఞలు విధించాడు. మనిషికి హాని చేయరాదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరకుండరాదు. ఆ నియమానికి భంగం కలగనంతవరకు మనిషి మాట వినవలెను. ఈ రెండింటికీ విరుద్ధం కానంతవరకు తన్ను తాను కాపాడుకొనవలెను. ఈ సూత్రాలు ఎంత ప్రసిద్ధి పొందినవంటే, యంత్రనీతి ప్రసంగం వచ్చినప్పుడెల్లా వీటినే శాస్త్రప్రమాణంగా ఉదహరించేవారు నేటికీ ఉన్నారు. అవి కథకోసం కల్పించినవని, ఆ ఆజ్ఞలు ఏయే విధాల విఫలమవుతాయో చూపడానికే అసిమోవ్ అనేక కథలు వ్రాశాడని వారు మరచిపోతారు. ఇంతకూ ‘హాని’ అనగానేమో యంత్రానికి ఎవరు చెప్పగలరు? ఆజ్ఞను అర్థం చేసుకొని, ఉల్లంఘించినప్పుడు సిగ్గుపడగలవానికే నీతిసూత్రం చెల్లుతుంది. ఇనుముకు సిగ్గు లేదు.

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నం ఒకటి 2010లో బ్రిటన్‌లో జరిగింది. అక్కడి పరిశోధనా మండళ్లు రెండు ఇంజనీర్లను, న్యాయశాస్త్రజ్ఞులను, సాంఘికశాస్త్రాలవారిని, కళారంగంవారిని ఒకచోట సమావేశపరచినవి. వారు రూపొందించిన ఐదు సూత్రాలు మరుసటి సంవత్సరం వెలువడినవి. వీటి విశేషమేమనగా, ఇవి మరమనిషిని ఉద్దేశించి చెప్పినవి కావు. దానిని తయారుచేసేవారిని, అమ్మేవారిని, వాడేవారిని ఉద్దేశించినవి. మొత్తం విషయాన్ని తలక్రిందులు చేసి చూచిన ఈ దృష్టియే మాకు ఎంతో విలువైనదిగా తోచినది.

మనుషులను చంపడమే ప్రధానోద్దేశంగా మరమనుషులను నిర్మించరాదని మొదటి సూత్రం చెబుతున్నది. దేశరక్షణకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఈ మినహాయింపు చిన్న కిటికీ కాదు, కోట సింహద్వారమంత ఉన్నదని మా అభిప్రాయం. మూడవ సూత్రం వీటిని బజారులోని ఇతర వస్తువులవలెనే భద్రమైనవిగా తయారు చేయవలెనంటున్నది. అందులో వాదానికి తావు లేదు.

నాలుగవది ఆలోచింపదగినది. అమాయకులను, నిస్సహాయులను భ్రమపెట్టే విధంగా యంత్రాన్ని మలచరాదు. అది యంత్రమేనని తెలుస్తూ ఉండవలెను. ఈ నియమం ఎందుకు అవసరమో 1966లోనే తేటపడినది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రామును వ్రాశాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే త్రిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి వేరే విద్య పెద్దగా లేదు. అయినను, దాని నిర్మాణాన్ని నెలల తరబడి కళ్లారా చూచిన ఆయన కార్యదర్శియే దానితో సంభాషిస్తూ, కొంతసేపు గదినుండి బయటకు వెళ్లవలసిందిగా ఆయనను కోరినదట! చదువుకున్నవారి సంగతే ఇట్లుండగా, నేటి కృత్రిమ మేధ మన మాతృభాషలో తీయగా పలుకరించినప్పుడు ఒంటరి వృద్ధుల గతి ఏమి?

అసలు ప్రశ్న రెండవ, ఐదవ సూత్రాలలో ఉన్నది. బాధ్యత వహించవలసినది మనిషే గాని యంత్రం కాదు అని ఒకటి. ప్రతి యంత్రం వెనుక చట్టరీత్యా బాధ్యుడెవరో తెలిసి ఉండవలెనని మరొకటి. వినుటకు సులభమే. ఆచరణలో ఏమగుచున్నదో రెండు దుర్ఘటనలను పోల్చి చూడవచ్చు.

1979 జనవరి 25న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఫోర్డ్ కంపెనీ పోతపనుల కర్మాగారంలో సామాను తీసే యంత్రం తగిలి ఒక కార్మికుడు మరణించాడు. రోబో వలన సంభవించిన తొలి మరణంగా దీనిని పేర్కొంటారు. బాధ్యుడెవరని అక్కడ ఎంతో తర్కించనక్కర లేకపోయినది. యంత్రాన్ని తయారుచేసిన సంస్థ కోటి డాలర్ల పరిహారం చెల్లించవలెనని 1983లో జూరీ తీర్పు చెప్పినది.

2018 మార్చి 18 రాత్రి అరిజోనా రాష్ట్రంలోని టెంపి పట్టణంలో సైకిలు నడిపించుకొంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని ఊబర్ కంపెనీ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు ఢీకొన్నది. ఆమె మరణించినది. ఢీకొనుటకు 5.6 సెకన్ల ముందే యంత్రం ఆమెను పసిగట్టినది. కాని ఒకసారి వాహనమని, ఒకసారి మరేదో వస్తువని, ఒకసారి సైకిలని తలపోసినది. నిర్దిష్ట స్థలంలో కాక మరొకచోట మనిషి రోడ్డు దాటవచ్చుననే ఊహ దాని లెక్కలలోనే లేదు. కారులో సహజంగా ఉండే అత్యవసర బ్రేకు ఏర్పాటును పరీక్షల సమయంలో పనిచేయకుండా చేశారు. ఇవన్నీ కార్యాలయాలలో కూర్చుని మనుషులు చేసిన నిర్ణయాలు. కంపెనీపై నేరారోపణకు ఆధారం లేదని 2019లో ప్రాసిక్యూటరు ప్రకటించారు. కారులో పర్యవేక్షణకై కూర్చున్న ఉద్యోగిని మాత్రం నేరం అంగీకరించగా 2023లో మూడేండ్ల ప్రొబేషన్ శిక్ష పడినది. ఆమె రోడ్డు చూడక ఫోను చూస్తున్నదన్నది నిజమే. ఆమె తప్పును మేము కాదనడం లేదు. అయితే కారు ముందుభాగం తాను నలిగిపోయి లోపలివారిని కాపాడినట్లు, ఇటువంటి ఏర్పాట్లలో చివర నిలబడిన చిరుద్యోగి నలిగిపోయి యంత్రాన్ని, దాని యజమానిని కాపాడుతాడని మెడిలిన్ క్లేర్ ఎలిష్ అనే పరిశోధకురాలు అంతకుముందే హెచ్చరించినది.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకొనరాదు. చేతులూ కాళ్లూ గల రోబో మన వీధిలోకి రాకపోవచ్చును గాని, తీర్పు చెప్పే ప్రోగ్రాము ఎప్పుడో వచ్చినది. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే ఏర్పాటు వివిధ ప్రభుత్వ శాఖల దస్తరాలలోని పేర్లను, చిరునామాలను జోడించి, ఎవరికి ఏ ఆస్తి ఉన్నదో అంచనా వేస్తుంది. రేషను కార్డుకు అర్హులెవరో తేల్చడానికి దానిని వినియోగించారు. రిక్షా త్రొక్కి బ్రతికి మరణించిన ఒకాయనను అది కారు యజమానిగా ఎంచినది. ఆయన వితంతువుకు చౌకబియ్యం అందకుండా పోయినది. కారు గల మనిషి వేరు, పేరు మాత్రమే దగ్గర.

పేర్ల ఈ చిక్కు మన కళాశాలవారికి వివరించనక్కరలేదు. ఉర్దూ పేరును తెలుగులో ఒక రీతిగా, ఇంగ్లీషులో నాలుగు రీతులుగా వ్రాస్తారు. మహమ్మద్ అన్న ఒక్క పేరుకే హాజరుపట్టీలో ఎన్ని వర్ణక్రమాలున్నవో లెక్కించి చూడండి! గుమాస్తా అయితే ఎదుట నిలిచిన మనిషిని చూచి పొరపాటు గ్రహించగలడు. ప్రోగ్రాముకు ఎదుట మనిషి లేడు. మరి ఆ వితంతువు ఎవరిని అడగవలెను? డీలరు కార్యాలయం వైపు చూపుతాడు, కార్యాలయం కంప్యూటరు వైపు చూపుతుంది. రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మరల విచారించవలసిందిగా 2022లో సుప్రీంకోర్టు ఆదేశించినది. అనగా యంత్రం ముగించిన పనిని మనుషులు మొదటినుండి ప్రారంభించవలసి వచ్చినది.

మన విద్యార్థులలో కొందరు రేపు ఇటువంటి ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగాలలో చేరుతారు. ఐరోపా సమాఖ్యలో 2024 ఆగస్టు నుండి అమలులోనికి వచ్చిన చట్టం, ప్రమాదకరమైన పనులకు వాడే కృత్రిమ మేధపై మనిషి పర్యవేక్షణ ఉండవలెనని శాసిస్తున్నది. ఇక్కడ మనం అంత దూరం పోనక్కరలేదు. హాజరు నమోదుకై ముఖాన్ని గుర్తించే యంత్రాన్ని కొనవలెనని రేపు మన కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చినదనుకొందాము. ధర, వారంటీ అందరూ అడుగుతారు. తరగతిలో కూర్చున్న విద్యార్థినిని యంత్రం గైర్హాజరుగా వ్రాసికొంటే, ఆమె వెళ్లి తట్టవలసిన తలుపు ఏది, ఆ తలుపు వెనుక దిద్దే అధికారం గల వ్యక్తి పేరేమి అని కూడ సభ్యులు అడిగి, ఆ జవాబును ఒప్పందపత్రంలో వ్రాయించుకొనవచ్చును.