రాతి మిద్దెలో వైఫై

ఆదోని, ఎమ్మిగనూరు పాత వీధుల్లో ల్యాప్‌టాప్‌కు వైఫై ఉండుండి ఊడిపోతుంటే తిట్లు ముందు కనెక్షన్ ఇచ్చినవాళ్లకే పడతాయి. నన్నడిగితే ముందు గోడ వైపు చూడమంటాను. మూరెడు మందం రాతి గోడలు, పైన మట్టి మిద్దె. ఎండను ఆపేందుకు కట్టిన ఇల్లు రేడియో తరంగాన్నీ ఆపుతుంది.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం. రాయి, నీళ్ల డ్రమ్ము తరంగాన్ని మింగుతాయి. ఇనుప బీరువా తిప్పికొడుతుంది. అలా తిరిగొచ్చిన తరంగం నేరుగా వచ్చినదాన్ని ఒకచోట బలపరుస్తుంది, పక్కనే మరోచోట చంపేస్తుంది. ల్యాప్‌టాప్‌ను జానెడు పక్కకు జరిపితే కనెక్షన్ నిలబడేది అందుకే.

వైఫైని తయారుచేసినవాళ్లనూ ఈ చిక్కే వేధించింది. 1985లో అమెరికా కొన్ని తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. నెదర్లాండ్స్‌లో ఎన్‌సీఆర్ కంపెనీ ఇంజనీర్లు దుకాణాల క్యాష్ రిజిస్టర్లను తీగ లేకుండా కలపాలని పూనుకున్నారు. వాళ్లలో ఒకరైన విక్ హేస్ నడిపిన కమిటీ 1997లో తొలి వైఫై ప్రమాణాన్ని తెచ్చింది. దాని వేగం సెకనుకు 2 మెగాబిట్లే. వేగం పెంచబోతే తగిలి తిరిగొచ్చే తరంగాల ప్రతిధ్వనులు అడ్డం. కొండల నడుమ గబగబా మాట్లాడితే మాట మీద మాట పడ్డట్టే అక్కడా జరిగేది. ఆస్ట్రేలియాలోని పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో రేడియో ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఒసల్లివన్ బృందం దీనికి దారి చూపింది. సమాచారాన్ని ఒకే వేగవంతమైన ధారగా కాక, వేర్వేరు పౌనఃపున్యాల మీద నెమ్మదైన ధారలుగా ఒకేసారి పంపాలి. అప్పుడు ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని తర్వాతి బిట్టును చెరపదు. ఆ బృందానికి అమెరికా పేటెంటు 1996లో దక్కింది. ఇంత గొప్ప ఆలోచన మన గదిలో పనిచేస్తోందని చాలామందికి తెలియకపోవడం నాకు బాధే.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు బెడద 2005లో తొలగింది. లైసెన్సు లేనిచోట రద్దీ తప్పదు. పక్కింటి రౌటరు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే. 1, 6, 11 చానళ్లు ఒకదానిమీద ఒకటి పడవు, వాటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి.

లోపం ఎక్కడో తేల్చడానికి ల్యాప్‌టాప్‌ను రౌటరు పక్కన పెట్టండి. అక్కడ బాగుంటే దోషం గోడది. అక్కడా తెగితే ల్యాన్ కేబుల్ తగిలించండి. కేబుల్‌తోనూ తెగితే చిక్కు రౌటరులోనో, బయటి తీగలోనో ఉంది. ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షనైతే ఆ తీగ కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. కేబుల్‌తో బాగుండి వైఫైలోనే తెగితే పక్కనే ఫోను పెట్టి చూడండి. ఫోనుకు బాగుంటే ల్యాప్‌టాప్ డ్రైవరును కొత్తది చేసి, వైఫై పవర్ సేవింగ్ ఆపండి.

గోడే కారణమైతే రౌటరును బీరువాకు దూరంగా, ఎత్తున, ఇంటి నడుమకు మార్చండి. వెనక గదికి 2.4 వాడండి, రౌటరున్న గదిలో 5. రిపీటరు కొంటే సిగ్నల్ చచ్చిన గదిలో కాదు, ఇంకా బాగా అందుతున్న గడప దగ్గర పెట్టాలి. ఇంకా మంచిది, వెనక గది దాకా ల్యాన్ కేబుల్ లాగి అక్కడ మరో రౌటరు పెట్టడం.