‘ఎవులికీ సెప్పకమ్మా’ అంటే ఏం చేస్తారు?

సోషల్ వర్క్‌లో పీజీ చేసి, సాలూరులో ఓ స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ వర్కర్‌గా చేరారనుకోండి. కొండ మీది ఊళ్లకు వెళ్లి గర్భిణులను గుర్తించడం, నెలలు నిండకముందే వాళ్లను కిందికి తీసుకురావడం మీ పని. ఓ ఇంట్లో ఆరో నెల అమ్మాయి కనిపించింది. తెలుగు అంతంత మాత్రం, ఇంట్లో మాట్లాడేది కువి. పెళ్లై ఏడాదైంది. వయసెంత అంటే అత్తే ముందు అందుకుని ‘ఇరవై’ అంది. ఆధార్ కార్డు చూస్తే పదహారు. మీ ముఖం చూడగానే అత్తకు విషయం అర్థమైపోయింది. “ఎవులికీ సెప్పకమ్మా. సెప్తే మా కుర్రోణ్ని జైల్లో ఏసేస్తారు. మేం ఆస్పత్రికి దిగం” అంది.

ఇప్పుడేం చేస్తారు?

ఇది ఊహించిన సందర్భమే. దాని చుట్టూ ఉన్నవి మాత్రం నిజాలు. రోడ్డు లేని ఊళ్ల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకురావడం ఈ కొండలకు కొత్త కాదు. అందుకే పార్వతీపురం ఐటీడీఏ 2018లో సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం తెరిచింది. కాన్పు తేదీకి ముందే దిగి వచ్చి, ఆస్పత్రికి దగ్గరగా, తిండికి లోటు లేకుండా ఉండొచ్చన్నది ఆలోచన. మంచిదే. కానీ అలాంటి చోట పేరు రాయించుకోవాలంటే వయసు కూడా రాయించాలి. అత్త భయమంతా అక్కడే.

సోషల్ వర్క్ క్లాసులో ఇలాంటి చిక్కుముడులకు కొన్ని నమూనాలు నేర్పుతారు. లోవెన్‌బర్గ్, డాల్గాఫ్ విలువలను వరసలో పేర్చారు. అందులో ప్రాణరక్షణ మొదటిది. సమానత్వం, స్వేచ్ఛ, అతి తక్కువ హాని, జీవన నాణ్యత తర్వాతివి. రహస్యం కాపాడటం ఆరోది, నిజం చెప్పడం ఏడోది. రెండు విలువలు ఢీకొంటే పైనున్నదే నెగ్గుతుంది. పరీక్షలో రాయడానికి చక్కగా ఉంటుంది. కొండ మీద దీన్ని వాడి చూడండి. ‘ప్రాణం ముఖ్యం, కాబట్టి నోరు మూసుకుని ముందు ఆస్పత్రికి తెస్తా’ అనొచ్చు. ‘ప్రాణం ముఖ్యం, పదహారేళ్ల పిల్లకు రక్షణ కావాలి, కాబట్టి ఇప్పుడే చెబుతా’ అని కూడా అనొచ్చు. రెండింటికీ ఆ పట్టికే సాక్ష్యం! వరస తెలిసినంత మాత్రాన జవాబు దొరకదు.

నా లెక్కలో ఇలాంటి చోట ఇంకో నమూనా ఎక్కువ పనికొస్తుంది. ఎలెయిన్ కాంగ్రెస్ అనే సోషల్ వర్క్ ప్రొఫెసర్ రూపొందించిన ‘ఎథిక్’ అది. విలువలను పరిశీలించు, చట్టం, వృత్తి నియమాల ప్రకారం ఆలోచించు, ఏ నిర్ణయానికి ఏ ఫలితమో ఊహించు, ఎవరికి మేలో ఎవరికి హానో గుర్తించు, పైవాళ్లను సంప్రదించు. ఇవే అందులోని అయిదు మెట్లు.

మొదటి మెట్టులోనే చాలామంది జారిపోతారు. మీరు ఇప్పటిదాకా విన్నది ఎవరి మాట? అత్తది. అమ్మాయి ఏమనుకుంటోందో మీకు తెలీదు. ఆమె మాటను అత్తతోనో మరిదితోనో తెలుగులో చెప్పించుకుంటే మీరు విన్నట్టు కాదు. కువి వచ్చిన ఆశా కార్యకర్తనో మరో మహిళనో వెంటబెట్టుకుని, నీళ్లకు వెళ్లే దారిలోనైనా సరే, ఆమెతో విడిగా మాట్లాడాలి. తనకిష్టమయ్యే వచ్చిందా? కొడుతున్నారా? కడుపు గురించి భయపడుతోందా?

రెండో మెట్టు దగ్గర మొహమాటం కుదరదు. పోక్సో చట్టం, 2012 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. ‘ఇష్టపడే వచ్చింది’ అన్న మాట అక్కడ చెల్లదు. పెళ్లైందన్నా అంతే. భార్య పద్దెనిమిది లోపైతే మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. ‘మా ఆచారం’ అన్నా బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 గిరిజనులకూ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిశాక పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష మీకే! అంటే ‘చెప్పాలా వద్దా’ అన్న ప్రశ్న మీ చేతిలో లేదు.

అయితే మీ చేతిలో ఏముంది? ఎవరితో, ఎలా, ఏ వరసలో అన్నది ఉంది. కొండ దిగి తిన్నగా స్టేషన్‌కు వెళ్లి కాగితం ఇచ్చేసి చేతులు దులుపుకోవడం ఒక పద్ధతి. అదే రోజు మీ సూపర్‌వైజర్‌కూ, జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ ఫోన్ చేసి, అమ్మాయి పరీక్షలు ఆగకుండా చూడమని అడగడం ఇంకో పద్ధతి. చట్టం కేసు పెట్టడంతో ఆగిపోలేదు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. కేసు నడిచినంత కాలం తోడుండే సహాయకురాలిని ఆ కమిటీ ఇవ్వగలదు. అత్యవసర వైద్యానికి ముందు కాగితాలు తెమ్మని ఏ ఆస్పత్రీ అడగకూడదని 2020 నాటి పోక్సో నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ‘చెబితే వైద్యం పోతుంది’ అన్న అత్త మాటకు మీ దగ్గర జవాబుంది. ‘కుర్రోడి సంగతేంటి’ అన్నదానికి మాత్రం లేదు. ఉన్నట్టు నటించకండి. అరెస్టు జరగొచ్చు. ఆ విషయం పోలీసు జీపు చూశాక కాకుండా ముందుగా మీ నోటి నుంచే వాళ్లకు తెలియాలి.

అసలు తప్పు చాలాసార్లు ఇంకా ముందే జరిగిపోతుంది. తొలిసారి గడప తొక్కినప్పుడు నమ్మకం కోసం ‘మీరేం చెప్పినా నా దగ్గరే ఉంటుంది’ అనేస్తాం. నిలబెట్టుకోలేని మాట అది. ‘పిల్లలకు ప్రమాదం తప్ప మిగతాది ఎవరికీ చెప్పను’ అని మొదటి రోజే అనేస్తే నమ్మకం కొంచెం ఆలస్యంగా వస్తుందేమో. వచ్చాక మాత్రం విరగదు. ఒక్క ఇంట్లో మాట తప్పితే, పక్క ఊళ్లో గర్భిణులు మీరు వచ్చేసరికి చేనుకు వెళ్లిపోతారు. ఆ హాని ఏ రిజిస్టర్‌లోనూ కనిపించదు.

ఉద్యోగ ఇంటర్వ్యూల్లో ఇలాంటి సందర్భం ఇచ్చి ‘ఏం చేస్తావ్?’ అని అడిగితే, నమూనాల పేర్లు అప్పచెప్పడం కంటే ముందు ఎవరితో మాట్లాడతారో, చట్టం ఏమంటుందో, ఎవరి సలహా తీసుకుంటారో వరసగా చెప్పండి. తేల్చుకోలేని చోట ‘సూపర్‌వైజర్‌ను అడుగుతా’ అనడం చేతకానితనం కాదు, అయిదో మెట్టే అది.

ఇంకో ఇల్లు చూడండి. అక్కడామెకు ఇరవై నాలుగు. రెండో కాన్పు, తొమ్మిదో నెల వస్తోంది. చోడి కోతలున్నాయి, పెద్ద పిల్లాణ్ని చూసేవాళ్లు లేరు, వసతి గృహానికి ఇప్పుడే రానంటోంది. ఇక్కడ చట్టం మిమ్మల్ని తొందరపెట్టదు. రేషన్ ఆగిపోతుందనో, ఏదన్నా అయితే నీదే పాపమనో బెదిరించి దించితే పని అవుతుంది, టార్గెట్టూ నిండుతుంది. కానీ శరీరం ఆమెది, కాపురం ఆమెది. వచ్చే ముప్పు ఏమిటో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పండి. పిల్లాణ్నీ వెంట తెచ్చుకోవచ్చా అని వసతి గృహంలో కనుక్కోండి. కోతలు ఎప్పటికి అవుతాయో అడిగి, ఆ తేదీని మీ డైరీలో రాసుకుని, ఆ రోజు మళ్లీ కొండెక్కండి.