వెన్నపండు

నోటికి ప్రియమైనది ఒంటికి పథ్యము కాదనియు, పథ్యమైనది ప్రియము కాదనియు మనలో ఒక నమ్మిక కలదు. ఈ రెండు గుణములును కూడియున్న ఫలము అవకాడో. మనవారు దీనిని వెన్నపండందురు.

దీని జన్మభూమి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతము. మెక్సికోలో ఇది నిత్యాహారము. గుజ్జును ఉప్పు, పచ్చిమిరప, ఉల్లి, కొత్తిమీరలతో నూరి, నిమ్మరసము పిండి, మొక్కజొన్న రొట్టెలతో భుజింతురు. మన దేశమున కూర్గు, నీలగిరి సీమలలో ఈ చెట్లను పెంచుచున్నారు.

ఈ కాయ చెట్టున మెత్తబడదు. కోసిన కొన్ని దినములకు మాగును. మెల్లగా నొక్కినపుడు కొంచెము లొంగినచో తినదగినదని గ్రహింపవలెను.

100 గ్రాముల గుజ్జులో సుమారు 15 గ్రాముల క్రొవ్వును, 7 గ్రాముల పీచును, 160 కెలొరీల శక్తియు నుండును. ఆ క్రొవ్వులో అధికభాగము ఆలివు నూనెయందు వలెనే ఒలియిక్ ఆమ్లము. ఇది హృదయమునకు మేలైనది. కారెట్టు, టమాటాలతో కలిపి తినినచో, వానియందలి కెరోటిన్ వంటి పదార్థములను దేహము హెచ్చుగా గ్రహించును.

అయినను ఒక నియమము మరువరాదు. వెన్న పూసిన రొట్టెపై దీనిని గూడ చేర్చినచో క్రొవ్వు రెట్టింపగును; వెన్నకు మారుగా వాడినపుడే మేలు. పూటకు అరపండు చాలును.